మూడో కాన్పు

తోటవలస, ఆమదాలవలస దగ్గర
12 ఫిబ్రవరి 2025

కన్యాకుమారి అక్కకి,

అందరం క్షేమమే. క్షేమం కాకపోతే ఫోన్ చేసేదాన్ని. ఫోన్లో చెప్పలేని మాట ఒకటుంది కాబట్టే ఈ ఉత్తరం. నీకు ఫోన్ చేస్తే ఎత్తేది సింధూరి. మాట్లాడించేది స్పీకర్లో. వాట్సాప్‌లో మాట రికార్డు చేసి పంపినా నీకు వినిపించేది అదే. ఇంక నీతో నేనొక్కదాన్నే మాట్లాడుకునే దారేది? ఉత్తరమైతే నయం. ఆ పిల్లకి తెలుగు మాట్లాడ్డమే గానీ చదవడం నేర్పలేదు కదా మీరు. హిందీ, ఇంగ్లీషు చాలనుకున్నారు. అదీ ఒకందుకు మంచిదే అయింది. బావ టిఫిన్ షాపు అడ్రసుకి పంపుతున్నాను. చదివి దాచకు.

సంగతి ఇది. పంచాయతీ ఎన్నికల్లో నిలబడాలంటే ఇద్దరు పిల్లలకి మించి ఉండకూడదన్న నిబంధన ఉండేది చూడు, అది ఎత్తేశారు. నిరుడే ఎత్తేశారు, నాకే ఆలస్యంగా తెలిసింది. మీ మరిది పేపరు పట్టుకొచ్చి అరుగు మీద కూర్చుని రెండుసార్లు చదివారు. "ఇప్పుడు ముగ్గురున్నా పర్లేదట, నలుగురున్నా పర్లేదట. పిల్లలు తగ్గిపోతన్నారు, ఇంకా కనండి అంతన్నారే భవానీ" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు. పన్నెండేళ్ళ కిందట ఇదే మనిషి ఇదే అరుగు మీద కూర్చుని "ముగ్గురుంటే నామినేషనే తీసుకోరు" అని తల పట్టుకున్నారు. అప్పుడు నాకు ఏడో నెల.

నీకు గుర్తు చెయ్యక్కర్లేదు. అయినా చేస్తాను. నన్ను నెల్లిమర్లలో అమ్మ దగ్గరికి పంపేశారు. ఆస్పత్రికి పోతే కాగితం పుడుతుందని ఇంట్లోనే పురుడు పోశారు. నువ్వూ బావా అండమాన్ నుంచి ఓడెక్కి వచ్చారు. అండమాన్‌లోనే పుట్టినట్టు, తల్లిగా నీ పేరు రాయించుకున్నారు. ఇరవయ్యో రోజున పిల్లని ఎత్తుకుని మళ్ళీ ఓడెక్కారు. నేను ఒట్టి చేతులతో తోటవలస వచ్చాను. మూడో కాన్పు ఆడపిల్ల, పుట్టి పోయిందని మీ మరిది ఊరంతా చెప్పారు. ఊరంతా వచ్చి నన్ను ఓదార్చింది. ఇంతా చేసి ఆయన ముప్పై ఒక్క ఓట్లతో ఓడిపోయారు. తరవాతసారి రిజర్వేషన్ మారిపోయి అసలు నిలబడనే లేదు. ఒక్కరోజు కూడా సర్పంచి కాని మనిషి కోసం నా పిల్లని నీకిచ్చానక్కా.

పెద్దవాడు నవీన్ ఏసీలు బిగించే పనికి చెన్నై పోయి రెండేళ్ళు. చిన్నవాడు విజయ్‌కుమార్ హైదరాబాదులో డిప్లొమా. ఇద్దరు చాలన్నారు కదా, ఆ ఇద్దరూ ఊళ్ళో లేరు. ఇక్కడి చిన్నబళ్ళో పద్నాలుగు మంది గుంటలు మిగిలారు. ఇంకో నలుగురు తగ్గితే బడి ఎత్తేస్తారేమోనని మేస్టారు ఇల్లిల్లూ తిరిగి "బడీడు పిల్లలున్నారా అమ్మా" అని అడుగుతున్నాడు. నా పిల్లకి ఆ ఈడు దాటిపోయింది, అయినా ఉందని చెప్పాలని నోటిదాకా వచ్చింది.

ఇప్పుడు అడ్డు తొలగిపోయింది. నా పిల్లని నాకిచ్చేయ్.

ఇంకొకటి. మొన్న నీ స్టేటస్‌లో వీడియో చూశాను. షాపులో సింధూరి ఇడ్లీ ప్లేట్లు మోస్తోంది. పెంచుకోమని ఇచ్చాను గానీ పనికి పెట్టుకోమని ఇవ్వలేదు. "అమ్మా, సాంబారు" అని నిన్ను కేకేసింది చూడు, అక్కడ ఆపి మళ్ళీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఎన్నిసార్లో చెప్పను. నాకు కుళ్ళే. కాదని నీ దగ్గర బుకాయించను.

జవాబు తొందరగా రాయి.

నీ చెల్లెలు
దుర్గాభవాని


జంగ్లీఘాట్, పోర్ట్‌బ్లెయిర్
8 మార్చి 2025

ఒసే భవానీ,

నీ ఉత్తరం రావడానికి పదమూడు రోజులు పట్టింది, నేను తేరుకోవడానికి ఇంకో పది. ఈ ఊరికి శ్రీవిజయపురం అని కొత్త పేరు పెట్టారు. నువ్వు పాత పేరే రాయి, ఇక్కడి పోస్ట్‌మేన్ మన నౌపడ వైపు మనిషే, ఏ పేరు రాసినా తెచ్చి ఇస్తాడు.

"ఇచ్చేయ్" అని రాశావు, ఎరువిచ్చిన బిందె అడిగినట్టు. చదివి ఒళ్ళు మండిపోయింది.

ఏడుపు నీ ఒక్కదానిదే అనుకుంటున్నావు. నీకు రెండు కాన్పులు పొలం పని మధ్యలో అయిపోయాయి, మూడోది వద్దనుకున్నా వచ్చింది. నేను పదేళ్ళు మొక్కని దేవుడు లేడు, తాగని కషాయం లేదు. ఒకరోజు అమ్మ ఫోన్ చేసి "భవానికి మళ్ళా నెల తప్పిందే, ఏటి సేత్తాం" అని విసుక్కుంది. ఫోన్ పెట్టేసి పొయ్యి మీదున్న గిన్నె తీసి గోడకేసి కొట్టాను. ఆ సొట్ట గిన్నె చూసి మీ బావ ఏమైందని అడిగితే చెయ్యి జారిందన్నాను. నీకు విసుగు పుట్టేంత ఉంది, నాకు ఒక్కటి లేదు. అప్పటి నా కడుపుమంట ముందు ఇప్పటి నీ కుళ్ళు ఏపాటి?

సరే, పిల్లనిచ్చావు. నీ కడుపు చల్లగా ఉండాలి, కాదనను. కానీ అది పూర్తిగా నాదైపోయిందని అనుకుంటున్నావు చూడు, అక్కడే నీకు తెలియదు. ఏడాదికేడాది దాని మొహం నీ మొహంలోకి పోతోంది. ఆ ముక్కు నీది. కోపమొస్తే కింది పెదవి మడుస్తుంది, అదీ నీదే, ఎవరూ నేర్పలేదు. నా ఇంట్లో నా చేతి అన్నం తింటూ నీలా తయారవుతోంది. పొద్దున్న అద్దం ముందు కూర్చోబెట్టి జడ వేస్తుంటే నువ్వే కూర్చున్నట్టుంటుంది. జడ గట్టిగా లాగేస్తాను. "అమ్మా, నొప్పి" అంటుంది. అప్పుడు మళ్ళీ నా పిల్లవుతుంది.

ప్లేట్ల సంగతికొస్తే, ఆరోజు బడికి సెలవు. దాని స్నేహితురాళ్ళు నలుగురు వచ్చి హోటల్ ఆట ఆడుకున్నారు. వాళ్ళకే వడ్డించింది. నేను దానిచేత గ్లాసు కూడా కడిగించను. ఏమీ తెలుసుకోకుండా మాట అనెయ్యడం నీకు చిన్నప్పటి నుంచీ అలవాటే.

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. "మన ఊళ్ళ పేర్లు సూడు. తోటవలస, ఆమదాలవలస, అన్నీ వలసలే. మన తాతల తాతలు ఎక్కడి నుంచో వొచ్చి పడ్డోళ్ళే కదేటి. నాను ఇక్కడికి తాపీ పనికని వొచ్చి ఇరవై రెండేళ్ళయినాది. మనకి అక్కడిదంతా గుర్తున్నాది గాని ఆ గుంటకి ఏటి గుర్తుంటాది? దాని ఊరు ఇదే" అన్నారు. పొరుగూరికి పోయి వచ్చినంత తేలిగ్గా చెప్పేస్తారు మీ బావ ఏ మాటైనా.

నేనొకటి అడుగుతాను, నిజం చెప్పు. పన్నెండేళ్ళు గుర్తురాని కూతురు మీ ఆయనకి ఇప్పుడే ఎందుకు గుర్తొచ్చింది? కొడుకులిద్దరూ పోయారు, ఇంట్లో చేదోడుకి మనిషి కావాలి. వచ్చే ఎన్నికల్లో ఇంటింటికీ బొట్టు పెట్టి ఓట్లడగడానికి ఆడపిల్ల ఉంటే కళగా ఉంటుంది. అంతేనా?

వేసవి సెలవులకి పంపుతాను. మూడు వారాలు. నువ్వు దానికి పిన్నివి, పిన్నిలాగే ఉండాలి. అలా ఉంటానని ఒట్టేసి రాస్తేనే ఓడ టిక్కెట్లు తీస్తాం. ఇక్కడ కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది, ఇవాళ నీళ్ళ రోజు. బిందెలు పెట్టాలి, ఉంటాను.

మీ అక్క
కన్యాకుమారి


తోటవలస
29 మార్చి 2025

అక్కా,

నేను ఒట్టెయ్యను.

నిన్న పక్కింటి ధనలక్ష్మి పరిగెత్తుకొచ్చింది. దాని తమ్ముడు మీ ఊళ్ళోనే కదా, వాళ్ళావిడ పంపిన పాత ఫోటోలు ఫోన్లో చూపించింది. నా సింధూరి పట్టు లంగా ఓణీలో, మెడలో పూలదండతో కుర్చీలో కూర్చుంది. పక్కన నువ్వు, కొత్త చీర. "ఓలమ్మా! మీ అక్క కూతురు జనవరిలోనే పెద్దమనిషయిందటే! సొంత పిన్నివి, నీకు సెప్పలేదేటి?" అంది ధనలక్ష్మి. చెప్పింది, నేనే వెళ్ళలేకపోయాను అని బొంకాను. నీ పరువు కాపాడాను చూడు, ఎందుకు కాపాడానో నాకే తెలియదు.

జనవరిలో అయితే, మార్చిలో నాకు అంత పెద్ద ఉత్తరం రాశావే! ముక్కు గురించి రాశావు, పెదవి గురించి రాశావు, కుళాయి గురించి కూడా రాశావు. ఇది రాయడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఎంత దొంగవే నువ్వు.

చిమ్మిలి ఎవరు దంచారు? నువ్వులూ బెల్లం రోట్లో వేసి నా చేత్తో దంచి పెట్టాలని ఎన్నేళ్ళ నుంచి అనుకుంటున్నానో తెలుసా? పిన్నిగానే వచ్చేదాన్ని. మూల నిలబడి అక్షింతలు వేసి వచ్చేసేదాన్ని. అంతమాత్రం కూడా ఓర్వలేకపోయావా?

నీకు చెప్పనిది ఒకటుంది, ఇవాళ చెప్తాను. మీరు ఓడెక్కాక నేను తోటవలస వచ్చాను కదా. పిల్ల లేదని పాలకి తెలియదు. రవికలు తడిసిపోయేవి. ఎదురింటి మరిడమ్మ పెద్దమ్మ చూసి ఏడ్చింది. మల్లెపూలు కోయించి తెచ్చి, గుండెకి కట్టి, పైన గుడ్డ బిగించింది. అలా కడితే పాలు ఎండిపోతాయి. ఐదు రోజులు రోజూ కొత్త పూలు కట్టింది. "దేవుడు తీసుకెళ్ళిపోనాడు, ఏటి సేత్తావమ్మా, మనసు రాయి సేసుకో" అని వీపు నిమిరేది. దేవుడు కాదు, మా అక్క తీసుకెళ్ళిందని చెప్పలేక పళ్ళు బిగబట్టుకున్నాను. అక్కడ నువ్వు డబ్బా పాలు కలిపి దాని నోట్లో పెడుతున్నావు. ఇప్పటికీ ఎవరైనా మల్లెపూలిస్తే తల్లో పెట్టుకోను. ఊళ్ళో అందరూ నాకు పడవనుకుంటారు.

మీ మరిది గురించి నువ్వన్నది తప్పు. పేపరు చదివి నవ్విన మనిషే గానీ, పిల్లని తెచ్చుకుందామని ఒక్కసారీ అనలేదు. అది నా ఆశ. అడిగింది నేను.

పిల్లని పంపు. వచ్చాక అన్నీ చెప్పేస్తాను. ఎవరి కూతురో దానికీ తెలియాలి.

భవాని


పోర్ట్‌బ్లెయిర్
17 ఏప్రిల్ 2025

భవానీ,

కావాలనే పిలవలేదు. మర్చిపోయి కాదు, తీరిక లేక కాదు. నువ్వొస్తే ఏడుస్తావు. ఇక్కడ మనవాళ్ళు వందమంది ఉన్నారు. నీ మొహం, దాని మొహం పక్కపక్కన చూస్తే గుడ్డివాడికి కూడా తెలిసిపోతుంది. అందుకని రాయలేదు. తరవాత రాద్దామంటే రోజులు గడిచిపోయాయి, గడిచేకొద్దీ సిగ్గేసింది.

ఆరోజు ఏం జరిగిందో చెప్తాను, నీ మనసు కొంచెం చల్లబడుతుందేమో. తాటాకులు దొరక్క కొబ్బరాకు పరిచి కూర్చోబెట్టాం. చిమ్మిలి నేనే దంచాను, రోలు లేదు, మిక్సీలో వేశాను. సరిగ్గా ముద్ద కట్టలేదు. పసుపు రాసేటప్పుడు జగ్గమ్మ అని ఒక ముసలావిడ "ముందు తల్లి రాయాల. ఏదీ, తల్లి రావాల" అని పిలిచింది. నేను వెనక్కి తిరిగి చూశాను. నా వెనక ఎవరూ లేరు. నువ్వు ఎక్కడున్నావు, మధ్యలో సముద్రం ఉంది, ఎలా వస్తావు? అయినా చూశాను. "నిన్నేనమ్మా" అని ఆవిడ నవ్వింది. అందరూ నవ్వారు. అప్పుడు ముందుకెళ్ళి పసుపు రాశాను.

పంపకూడదనే అనుకున్నాను. నీ ఉత్తరం చదివాక ఎవరైనా పంపుతారా? కానీ పిల్ల అప్పుడే సంచి సర్దేసుకుంది. రైలు ఎక్కాలట, దానికి ఊహ తెలిశాక ఇప్పటిదాకా రైలు చూడలేదు. ఈ దీవుల్లో రైలెక్కడుంది? వైజాగులో దిగి ఆమదాలవలస దాకా కిటికీ పక్కన కూర్చుంటానని నెల రోజుల నుంచి చెప్తోంది. ఆపడానికి కారణం దొరకలేదు. మే మొదటి వారంలో ఓడ ఉందంటున్నారు. మీ బావ తీసుకొచ్చి దింపుతారు.

చెప్తే చెప్పు. నేను అడ్డుపడలేను. చెప్పిన తరవాత దాని మొహం నువ్వే చూడాలి. మొదటిసారి కుళ్ళు కాకుండా భయం పుట్టింది నాకు.

కన్యాకుమారి


తోటవలస
30 మే 2025

అక్కా,

నిన్న బావ వచ్చి పిల్లని తీసుకెళ్ళారు. ఈ ఉత్తరం చేరేసరికి అది నీ పక్కలో పడుకుని ఉంటుంది. ఈ మూడు వారాలూ జరిగింది చెప్తాను. ఓపిగ్గా చదువు.

వచ్చిన రోజు నేను స్టేషన్లో "అమ్మా సింధూరీ" అన్నాను. అది "పిన్నీ" అని నవ్వి, నా భుజం మీదుగా రైలు వైపే చూస్తోంది. రైలు కదిలి వెళ్ళిపోయేదాకా చూసి, అప్పుడు నా వైపు తిరిగింది. రైలు మీద కూడా కుళ్ళేసింది.

రోజుకి ఆరుసార్లు నీకు ఫోన్. మామిడిపండు తిన్నా ఫోన్, దూడ నాకినా ఫోన్. "అమ్మా, పిన్ని నాకు ఉలవచారు పెట్టింది" అంటుంది. నేను పెట్టింది నా కళ్ళల్లోకి చూసి బాగుందని చెప్పకుండా నీకు చెప్తుంది. నీ చెవిలో పడితే గానీ దానికి తిన్నట్టు ఉండదు కాబోలు. ఒకరోజు ఫోన్ ఛార్జరు దాచేశాను. సాయంత్రం మళ్ళీ నేనే తీసిచ్చాను, మొహం వేలాడేసుకుంటే చూడలేకపోయాను.

మీ మరిది రెండు రోజులు దాని వైపు చూడలేదు. మూడో రోజు చూశారు, చూసి పొలం పోయారు. ఊళ్ళోవాళ్ళు "అచ్చం నీ ముక్కేనే భవానీ" అన్నప్పుడల్లా, నేను నోరు తెరిచేలోపే "అక్క కూతురు కదా" అని ఆయన అందుకునేవారు. ఒకరోజు గట్టిగా అడిగాను, నిబంధన పోయింది కదా, ఇంకా ఏమిటి భయం అని. "నిబంధన పోయింది గాని నా నోటి మాట ఎక్కడికి పోతాది? సచ్చిపోయిందని ఊరందరికీ నానే సెప్పాను కదే. ఇప్పుడు బతికున్నాదని ఏ మొహంతో సెప్పీది? ఎలక్షన్లో కాదు, ఈదిలో కూడా నిలబడలేను" అన్నారు. చట్టం మార్చడానికి పెద్దలున్నారు. మేం చెప్పిన అబద్ధం మార్చడానికి మేమే దిక్కు, మాకు చేతకాలేదు.

ఆయన చెప్పకపోతే మానె, నేనే చెప్పేద్దామని నిశ్చయించుకున్నాను. ఇంక నాలుగు రోజుల్లో ప్రయాణం. మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఆయన లేరు. నేను పెరట్లో కందులు చెరుగుతున్నాను. పిల్ల మరిడమ్మ పెద్దమ్మ ఇంటి నుంచి వచ్చి నా పక్కన పీట లాక్కుని కూర్చుంది. మొహం అదోలా ఉంది.

"పిన్నీ, నీకు నా ఈడు పాప పుట్టి పోయిందట కదా. మరిడమ్మ మామ్మ సెప్పింది. అమ్మ నాకెప్పుడూ సెప్పలేదు" అంది.

ఇంతకంటే మంచి అదను మళ్ళీ రాదు. ఆ పాప పోలేదమ్మా అంటే చాలు, ఒక్క మాట. నేను చేట కింద పెట్టాను. నోరు తెరిచాను కూడా. ఈలోగా అది నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని, "పాపకి పేరు పెట్టినావా పిన్నీ?" అని అడిగింది.

"లేదమ్మా. పేరు పెట్టకముందే పోయింది" అన్నాను.

ఏడ్చిందక్కా. ఎక్కిళ్ళు పెట్టి ఏడ్చింది. నా ఒళ్ళో తల పెట్టుకుని, "పాపం పిన్నీ, పాపం పాప" అంటూ ఏడ్చింది. నా ఒళ్ళో పడుకుని నా పిల్ల నా పిల్ల కోసం ఏడుస్తోంది, నేను వీపు నిమురుతున్నాను.

ఎందుకు చెప్పలేదని అడుగుతావు. జాలిపడి కాదు, నీ మీద ప్రేమతో అంతకన్నా కాదు. చెప్తే లేచి దూరం జరుగుతుందని భయమేసింది. వచ్చిన దగ్గర నుంచి అది నన్ను అంతసేపు అంటిపెట్టుకుని కూర్చోలేదు. ఆ కాసేపు కోసం చెప్పలేదు. నువ్వు గెలిచావు. హాయిగా ఉండు.

భవాని


పోర్ట్‌బ్లెయిర్
19 జూన్ 2025

భవానీ,

నేను గెలిచానని రాశావు. ఇక్కడ ఏం జరుగుతోందో విను.

పిల్ల వచ్చి ఓడ దిగిన రోజే మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిన్ని దగ్గర చదువుతానంటోంది. "పిన్నికి ఆడపిల్ల లేదు. ఉన్న పాప పోయింది. అన్నలు ఊళ్ళో లేరు. నీకు నాన్న ఉన్నారు, షాపుంది, పక్కన ఇంతమంది ఉన్నారు. పిన్నికి ఎవరున్నారు?" ఇదే పాట. ఆ పాపకి పేరు కూడా పెట్టింది. దేవి అట. దేవి బతికుంటే నాతో ఆడుకునేది, దేవి కూడా ఎనిమిదికి వచ్చేది అంటుంది. అన్నం ముందు కూర్చుని అలా మాట్లాడుతుంటే నేను కంచం తీసుకుని లేచిపోతాను.

నేను వద్దన్నాను. ఎందుకు వద్దు అంది. ఏం చెప్పమంటావు? దూరం అంటే, నాన్న ఇంతదూరం రాలేదా అంటుంది. తెలుగు చదవడం రాదు కదా అంటే, నేర్చుకుంటానంటుంది. అసలు కారణం ఒక్కటే ఉంది, అది చెప్పాలంటే మొత్తం చెప్పాలి. మనిద్దరం కట్టిన కథే నా నోరు కట్టేసింది. ఆఖరికి "అమ్మా, నీకు పిన్నంటే కుళ్ళేటి?" అని అడిగేసింది. అవునన్నాను. నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని నవ్వింది.

రెండు రోజులు అన్నం మానేసింది. కింది పెదవి మడిచి కూర్చుంది, నీలాగే. మీ బావ "పోనీయే. మూడేళ్ళే కదా. పిల్ల మనసు మంచిదని సంతోషించు" అన్నారు. ఈయనకి ఏ మాటైనా తేలికే అని చెప్పానుగా. తరవాత వెనక గదిలోకి పోయి ముక్కు చీదుకుంటుంటే విన్నాను.

నువ్వు ఒక్క మాట చెప్పకుండా సాధించావు. నేను పన్నెండేళ్ళు పెంచినదాన్ని, జ్వరమొస్తే తడిగుడ్డ వేసినదాన్ని, మొదటి పసుపు రాసినదాన్ని, నా దగ్గర అది దేనికీ ఏడవలేదు. నీ పెరట్లో ఒక్క మధ్యాహ్నం కూర్చుని నీ కోసం ఏడ్చింది. ఇంతకన్నా ఏం కావాలి నీకు?

జూలైలో మీ బావ తీసుకొస్తారు. పీతలు పెట్టకు, దద్దుర్లొస్తాయి. ఉరుముకి భయపడుతుంది గానీ భయమని చెప్పదు, నువ్వే కనిపెట్టి దగ్గర కూర్చోవాలి. జడ వేసేటప్పుడు లాగకు.

అక్క


తోటవలస
24 జూలై 2025

అక్కా,

పిల్ల భద్రంగా చేరింది. బావ రేపు బయల్దేరుతున్నారు, ఈ ఉత్తరం ఆయన చేతికే ఇస్తున్నాను. ఇకమీదట ఇలాంటివి నువ్వూ రాయకు, నేనూ రాయను. సింధూరి అక్షరాలు దిద్దుతోంది. దారిలో బస్సుల మీద ఊళ్ళ పేర్లు కూడబలుక్కుని చదువుతోంది.

మేడమీది గదిలో నవీన్ మంచం వేశాను. వద్దంది, నా పక్కనే పడుకుంటోంది. పొద్దున్న నేను పాలు పితుకుతుంటే దూడని పట్టుకుంటోంది. మూడు రోజులకే ఊరంతా దానికి చుట్టాలైపోయారు. మీ మరిది నిన్న దానికి సైకిల్ కొనుక్కొచ్చారు. "ఎక్కు తల్లీ" అన్నారు. ఆ మాట అని వెంటనే నా వైపు చూశారు, నేను చూడనట్టు ఊరుకున్నాను.

నేను సాధించానని రాశావు కదా. నేనూ అలాగే అనుకున్నాను. అది వచ్చిన మర్నాడు దేవుడి గూట్లో దీపం పెట్టి, దాని పక్కన ఇంకో చిన్న దీపం పెట్టింది. ఎవరికని అడిగితే దేవికి అంది. రోజూ పెడుతోంది. "దేవి ఉంటే నీకు సాయం చేసేది పిన్నీ, నేను చేస్తాను. దేవి ఉంటే నీ తల దువ్వేది, నేను దువ్వుతాను" అంటుంది. నా ఇంటికి వచ్చింది నా కోసం కాదక్కా, చచ్చిపోయిన ఆ పిల్ల చోటులో ఉందామని వచ్చింది. నా మీద చూపించే ప్రేమంతా దేవి తరఫున చూపిస్తోంది. పన్నెండేళ్ళు నిన్ను చూసి ఏడ్చాను. ఇప్పుడు లేని పిల్లని చూసి ఏడుస్తున్నాను. పుట్టని దాని మీద, చావని దాని మీద కుళ్ళుకునే మనిషిని ఎక్కడైనా చూశావా? నిన్న ఆ రెండో దీపం నోటితో ఊదేశాను. గాలికి ఆరిపోయింది అనుకుని మళ్ళీ వెలిగించింది.

ఇవాళ బళ్ళో చేర్పించాను. ఆమదాలవలసలో. వరసలో గంటసేపు నిలబడ్డాం. ఫారం ఇచ్చారు, తెలుగులో నింపాలన్నారు. బావ కళ్ళజోడు తేలేదు. "పిన్నీ, నువ్వు రాయి" అని పిల్ల నా చేతికి పెన్ను ఇచ్చింది.

పేరు రాశాను. పుట్టిన తేదీ చూసుకోకుండా రాశాను. పుట్టిన ఊరు దగ్గర నెల్లిమర్ల అని రాయబోయి, బావ చెప్తే పోర్ట్‌బ్లెయిర్ అని రాశాను. తరవాత గడి తల్లి పేరు. పిల్ల నా భుజం మీద గడ్డం ఆనించి, కొత్తగా అక్షరాలు నేర్చింది కదా, నేను రాసేది రాసినట్టు పైకి చదువుతోంది. పెన్ను ఆగింది. "క రాయి పిన్నీ, మర్చిపోయావా అమ్మ పేరు?" అంది.

కన్యాకుమారి అని రాశాను. నా చేత్తో రాశాను. అది ఒక్కొక్క అక్షరం చదువుకుని, తప్పులేదని తలూపింది.

కిటికీ అవతల కూర్చున్నాయన ఫారం తీసుకుని, "మీరు పిల్లకి ఏటవుతారమ్మా?" అని అడిగాడు. బావ నేల చూపులు చూస్తున్నారు. "మా పిన్ని" అని సింధూరి నాకంటే ముందే చెప్పేసింది.

భవాని